గృహ నెట్‌వర్కున ఉమ్మడి ఫైళ్లు, ఉమ్మడి ప్రింటరు: దోషశోధనము

ఒకే యింటియందున్న రెండు గాని అంతకు మించి గాని కంప్యూటర్లు, కేబులు ద్వారానో వైఫై ద్వారానో ఒకే రూటరునకు సంధింపబడి, వానిలో నొకదానియందలి ఫోల్డరులను తక్కినవి తెరచుకొనుటకును, ఒకదానికి తగిలించిన ప్రింటరుపై తక్కినవి అచ్చు వేసికొనుటకును కల్పించుకొన్న యేర్పాటును వాడుకలో షేరింగు అందురు. దీనిని తెలుగున ‘పంచుకొనుట’ యనుటకంటె ‘ఉమ్మడి వాడుక’ యనుట యుక్తముగా తోచుచున్నది; ఏలయన, పంచుకొన్న సొత్తు ముక్కలగును, ఉమ్మడి సొత్తు ఒక్కచోటనే నిలిచి అందఱ యక్కఱకును వచ్చును. ఒక్క ఫైలునకు నాలుగు కంప్యూటర్లలో నాలుగు నకళ్లున్నయెడల ఏది నిన్నటిదో ఏది నేటిదో తెలియకపోవుటయే యింటి లెక్కలయందలి చిక్కులకు తొలి కారణము. ఆ చిక్కును తొలగించుటకే యీ యుమ్మడి యేర్పడినది. ఇది చెడినప్పుడు కారణము నెట్లు కనిపెట్టవలెనో, కనిపెట్టిన పిమ్మట దేనిని సరిచేసి దేనిని ముట్టక విడువవలెనో తెలుపుట యీ వ్యాసమునకు విషయము. దృష్టాంతములు షోలాపుర నగరమందలి నేతగాండ్ర పేటయగు జోడ్‌భావి పేట్ నుండి గ్రహింపబడినవి.

జోడ్‌భావి పేట్ అను పేరు వినినంతనే తెలుగు చెవికి జోడు బావులు స్ఫురించును. తెలంగాణమునుండి తరతరములుగా వలసవచ్చిన పద్మశాలీయులు షోలాపురపు తూర్పు పేటలలో మగ్గములు నిలిపి, వీధిలో మరాఠీయు ఇంటిలో తెలుగును పలుకుచు, తమ మూలపురుషుడగు మార్కండేయునకు ఆలయము కట్టుకొని స్థిరపడిరి. చేతిమగ్గములు క్రమముగా మరమగ్గములైనవి. షోలాపురపు చద్దరును తువ్వాలయు భౌగోళిక సూచిక గుర్తింపును పొందినవి. ఈ పేటలలోని అనేక గృహములలో క్రింద కార్ఖానాయు మీద కాపురమును ఉండుట పరిపాటి. కావున ఇచట ‘గృహ నెట్‌వర్కు’ అనగా పిల్లల చదువునకును వినోదమునకును మాత్రమే పరిమితమైనది కాదు. చద్దరు నమూనాలు, నూలు కొనుగోలు లెక్కలు, 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చిన నాటినుండి ఎప్పటికప్పుడు దాఖలు చేయవలసిన పత్రములు, ఇవి యన్నియు ఆ తీగెలమీదనే నడచుచున్నవి. ఒక పూట ఆ తీగె పలుకకున్న, కట్టిన మూట బిల్లు లేక గడప దాటదు.

పైగా ఉమ్మడి నమూనా యను భావము ఈ వృత్తికి క్రొత్తది కాదు. 1804లో ఫ్రాన్సు దేశీయుడగు జోసెఫ్ మారీ జకార్డు నిర్మించిన యంత్రమున పువ్వు యొక్క రూపమంతయు అట్టలపై చిల్లులుగా నుండును. ఒక మగ్గపు అట్టల కట్టను మఱియొక మగ్గమునకు ఎత్తి కట్టినచో అదే పువ్వు అచటను పూచును. ఆ చిల్లుల అట్టయే 1890 నాటి అమెరికా జనాభా లెక్కలలో హోలరిత్ యంత్రమునకు ఆహారమై, పిదప కంప్యూటరునకు పూర్వరూపములలో నొకటైనది. జకార్డు అట్టలను మోసిన చేతులకు ఫోల్డరును ఉమ్మడి చేయుట యనగానేమో విడమరచి చెప్ప నక్కఱలేదు.

అట్టి యింటి నొకదానిని మనసున నుంచుకొందము. వీధిగదిలో తండ్రి వాడు లెక్కల కంప్యూటరు, గోడకావల మరమగ్గములు, మేడమీద కుమారుడు చద్దరుల పూలు గీయు కంప్యూటరు, దానికి యూఎస్‌బీ తీగెతో తగిలించిన ప్రింటరు, వంటింటి ప్రక్క పిల్లలు చదువుకొను ల్యాప్‌టాపు. వ్యాపారి వచ్చి బిల్లుకై కూర్చున్నాడు. తండ్రి మెట్ల మొదట నిలిచి ‘కొడుకా, నీ మీది ప్రింటర్ ఈడ కనవడ్తలేదు, జర చూడు’ అని కేక వేయును. మగ్గపు చప్పుడులో ఆ కేక రెండుమూడు మారులు వేయవలసి వచ్చును.

‘కనబడుట లేదు’ అను ఈ యొక్క మాటలో మూడు వేర్వేరు రుగ్మతలు దాగియున్నవి. రెండు కంప్యూటర్లకు నడుమ దారియే లేకుండుట మొదటిది. దారి యుండియు ఒకదాని పేరు రెండవదానికి తెలియకుండుట రెండవది. దారియు పేరును తెలిసి, గడపయొద్ద అనుమతి దొరకకుండుట మూడవది. ఈ మూటిలో నేదియో తేల్చుకొనక కనబడిన మీట నెల్ల నొక్కుటచేత రోగమొకటి, మందొకటి యగును. అంతకంటె ప్రమాదమేమనగా, నొక్కిన మీటలలో నేదో యొకటి కాపుదల తలుపును తెరచి, పని జరిగినదన్న సంతోషములో ఆ తలుపు తెరచియే యుండిపోవును. పోగు తెగినప్పుడు నేతగాడు పడుగంతయు కోసివేయడు; తెగిన కొనను వెదకి అచటనే ముడివేయును. కంప్యూటరు ముందర కూర్చున్నప్పుడు ఈ యోపికను విడువ నేల?

మొదట దారిని చూడవలెను. మగ్గమున్న యింట దూది నుసి సర్వవ్యాపి. అది రూటరు కన్నములలోను, కంప్యూటరు ఫ్యానులోను, ప్రింటరు కాగితము లాగుకొను రబ్బరు చక్రముపైనను చేరును. ఫ్యాను మూసికొనిపోయిన కంప్యూటరు వేడెక్కి తనంత తాను ఆగిపోయినయెడల, క్రిందివానికి అది ‘షేరింగు చెడుట’గానే కనబడును. కేబులు సంగతియు నట్టిదే. గోడకావల మగ్గము కొట్టుకొనుచుండ, ఆ యదురునకు, చిన్న ప్లాస్టికు నాలుక విఱిగిన కేబులు కొన గూటినుండి వెంట్రుకవాసి వెలికి జారును. చూపునకు బిగిసియే యుండును, వ్రేలితో ముట్టిన కదలును. కావున కేబులు రెండు కొనలను ఊడదీసి, నుసి తుడిచి, టక్కుమను చప్పుడు వినబడునట్లు మరల గ్రుచ్చుట శోధనలో తొలి పని. ఆ గూటి ప్రక్కనుండు చిన్న దీపము వెలిగి మినుకుమినుకుమనిన, తీగె బ్రతికియున్నదని యర్థము.

తరువాత ప్రతి కంప్యూటరునందును నల్లని ఆజ్ఞల కిటికీ తెరచి ‘ఐపీకాన్ఫిగ్’ అని కొట్టినయెడల దాని చిరునామా కనబడును. ఇండ్లలో వాడుటకై 1996లో ప్రమాణీకరింపబడిన చిరునామాలలో 192.168 తో మొదలగునవి మిక్కిలి ప్రచారమున నున్నవి. క్రింది కంప్యూటరుది 192.168.1.5, మీదిది 192.168.1.8 అయినయెడల రెండును ఒకే వీధివారు. ఏదేని యొకటి 169.254 తో మొదలైనచో అది రూటరునుండి చిరునామా పొందలేక తనకు తానే యొకటి కల్పించుకొన్నదని గ్రహింపవలెను. అప్పుడు దోషము కేబులునందో రూటరునందో యున్నది కాని షేరింగునందు లేదు.

ఒకటి 192.168.1 వీధినను, రెండవది 192.168.0 వీధినను ఉండుట యనునది ఈ పేట యిండ్లలో ప్రత్యేకముగా గమనింపదగిన చిక్కు. ఇంటర్నెట్టు తెచ్చినవారు రూటరును వీధి గుమ్మముకడ బిగించి పోదురు. మందపు గోడలును కార్ఖానా పైకప్పు ఇనుప రేకులును అడ్డమై వైఫై మేడమీదికి సరిగా నందదు. అందుచే కుమారుడు బజారునుండి మఱియొక రూటరు కొని తెచ్చి, క్రిందినుండి కేబులు లాగి, దాని ‘వాన్’ అను కన్నమున గ్రుచ్చును. ఇంటర్నెట్టు చక్కగా వచ్చును, వీడియోలు ఆడును, అందుచే దోషమున్నదని యెవరికిని తోచదు. కాని ఆ క్షణమునుండి మేడ వేఱొక వీధియై, రెండవ రూటరు నడుమ గోడవలె నిలిచి, క్రిందివారిని మీదికి రానీయదు. మీదివారికి క్రింది ఫోల్డరు దొరకుటయు, క్రిందివారికి మీది ప్రింటరు దొరకకుండుటయు దీని లక్షణము. ఈ యేకపక్షత కనబడినంతనే రెండవ రూటరును అనుమానింపవలెను. దీనికి మందు సులభము: రెండవదానిని ‘యాక్సెస్ పాయింటు’ రీతిలోనికి మార్చుట; ఆ సౌకర్యము లేనిచో, దానియందలి చిరునామాలు పంచు పనిని, అనగా డీహెచ్‌సీపీని, ఆపివేసి, దాని స్వంత చిరునామాను మొదటి రూటరునకు సరిపడునట్లును ఇతరులతో తగులకుండునట్లును మార్చి, కేబులును ‘వాన్’ కన్నమునుండి తీసి ‘లాన్’ కన్నములలో నొకదానియందు పెట్టుట. గంటల తరబడి ఫోల్డరు అనుమతులు మార్చి విసిగినవారికి ఒక కేబులును నాలుగంగుళములు ప్రక్కకు జరుపుటతో పని తీరిన సందర్భములు పెక్కు. అతిథుల వైఫై యను రెండవ పేరునకు తగులుకొన్న ల్యాప్‌టాపునకును ఇట్టి యొంటరితనమే కలుగును. అతిథుల కంప్యూటర్లు ఇంటివానిని చూడరాదనియే ఆ యేర్పాటు చేయబడినది.

దారి చక్కగా నున్నదో లేదో చూచుటకు ‘పింగ్’ అను ఆజ్ఞతో ఎదుటి చిరునామాను పిలుచుట వాడుక. బదులు వచ్చినచో దారి యున్నది. రాకున్న మాత్రమున లేదనరాదు. విండోస్ ఫైర్‌వాల్ పలుమారులు ఆ పిలుపునకు బదులీయకుండ ఊరకుండును. ఇచటనే నెట్‌వర్కు ‘పబ్లిక్’ గానో ‘ప్రైవేట్’ గానో గుర్తింపబడియున్న సంగతి చూడవలెను. రైల్వే స్టేషనులోని వైఫైని నమ్మనట్లే, పబ్లిక్ గుర్తున్న యింటి వైఫైని కూడ కంప్యూటరు నమ్మదు. తలుపులు మూసికొని తన యునికినే దాచుకొనును. రూటరు మార్చిన మఱునాడు షేరింగు చెడుటకు ఇది మిక్కిలి తఱచైన కారణము, ఏలయన క్రొత్త రూటరు కంప్యూటరు కంటికి క్రొత్త ఊరు. సెట్టింగులలో ఆ గుర్తును ప్రైవేట్ చేసి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అను దానికి మాత్రమే ఫైర్‌వాల్‌లో అనుమతి యిచ్చిన చాలును. ఫైర్‌వాల్ మొత్తమును ఆపివేయుమను సలహా చుట్టుప్రక్కల విరివిగా వినబడును. దానిని పాటింపరాదని గట్టిగా చెప్పవలసియున్నది.

ఆ గట్టితనమునకు కారణము చరిత్రలో నున్నది. కంప్యూటర్లు ఫైళ్లను ఉమ్మడిగా వాడుకొను భాషకు ఎస్.ఎమ్.బి. అని పేరు, 1980ల తొలినాళ్లలో ఐబీఎం సంస్థయందు బ్యారీ ఫైగన్‌బామ్ దీనికి అంకురార్పణము చేసెను. మైక్రోసాఫ్టు దానిని స్వీకరించి 1992లో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ ద్వారా సామాన్యుల కార్యాలయములకు చేర్చెను. అదే సంవత్సరమున ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ యూనిక్సు యంత్రములకు ఈ భాషను నేర్పు ప్రోగ్రామును వెలువరించెను; పిదప ఎస్, ఎమ్, బి అక్షరములు వరుసగా వచ్చు మాటలను నిఘంటువులో వెదకి దానికి ‘సాంబా’ యని పేరిడెను. తొలి తరపు భాష యొకరి నొకరు నమ్మియుండిన కాలమునందు పుట్టినది. అందలి లోపము నాధారము చేసికొని 2017 మే 12న ‘వాన్నాక్రై’ యను దుష్టప్రోగ్రాము నూటయేబది దేశములకు పైగా వ్యాపించి ఫైళ్లకు తాళములు వేసి సొమ్మడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడినవి. ఆ లోపమునకు దిద్దుబాటు అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, వెలువడియుండెను, వేసికొననివారే నష్టపడిరి. ఆ యేటి చివరి భాగమునుండి విండోస్ 10 క్రొత్త ప్రతులలో తొలి తరపు ఎస్.ఎమ్.బి. మొదటినుండియే అమర్చబడుట మానినది. 2009లో విండోస్ 7తో వచ్చిన ‘హోమ్‌గ్రూప్’ అను సులభపద్ధతియు 2018లో తొలగింపబడినది. నిన్నటివరకు నడచినది నేడు నడువకపోవుటకు ఇంటివారి తప్పు లేకయే, ఇట్లు కాపుదలకై మూసిన తలుపే కారణమగుట కలదు.

ఇక పేరు. నెట్‌వర్కు జాబితాలో ఎదుటి కంప్యూటరు కనబడనంత మాత్రమున అది లేదని నిరాశ పడరాదు. పూర్వము ఆ జాబితాను సేకరించు పద్ధతి తొలి తరపు ఎస్.ఎమ్.బి.పై ఆధారపడియుండెను, అది తొలగిన పిమ్మట జాబితా వేఱొక పద్ధతిని తయారగుచున్నందున, పాత యంత్రములు అందు చేరవు. అట్టిచోట రెండు వెనువాలు గీతలు వ్రాసి, వాని తరువాత పేరు కాక చిరునామానే నేరుగా కొట్టి చూడవలెను. చిరునామాతో తెరచుకొని పేరుతో తెరచుకొననిచో దోషము పేరునందే యున్నదని నిస్సంశయముగా తేలును. అప్పుడు కంప్యూటరు పేరు పదునైదక్షరములకు లోబడి యున్నదా, ఒకే పేరు రెండింటికి పెట్టబడలేదు గదా, ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’ అను సేవ నడచుచున్నదా యని చూడవలెను. ఆ సేవ ఆగియున్న కంప్యూటరు తన యునికిని చాటుకొనదు. చిరునామాతోను తెరచుకొనక 80070035 అను అంకెలతో దోషసూచన వచ్చినచో మరల వెనుకకు, దారికిని ఫైర్‌వాల్‌కును పోవలెను.

పేరు, పాస్‌వర్డు అడుగు కిటికీ తెరమీదికి వచ్చినదనిన అది శుభసూచకము. దారియు పేరును సరిగా నున్నవి, మనము గడపవఱకు వచ్చితిమి. ఇచట జనులు మూడు విధముల పొరబడుదురు. తమ కంప్యూటరు పేరును పాస్‌వర్డును కొట్టుట మొదటిది. కావలసినది ఎదుటి కంప్యూటరునందలి ఖాతా. రోజును తెరచుటకు వాడు నాలుగంకెల పిన్నును కొట్టుట రెండవది. పిన్ను ఆ యొక్క యంత్రము ముంగిటనే చెల్లును, నెట్‌వర్కుపై చెల్లదు. పాస్‌వర్డే లేని ఖాతాతో లోనికి రాజూచుట మూడవది. విండోస్ అట్టి ఖాతాను దూరమునుండి రానీయదు. ఇన్ని చిక్కులకును ఒక్కటే మందు: ఉమ్మడి ఫోల్డరు గల కంప్యూటరునందు ఈ పనికై ప్రత్యేకముగా నొక సామాన్య ఖాతాను పాస్‌వర్డుతో సృష్టించి, తక్కిన కంప్యూటర్లన్నియు దానితోనే లోనికి వచ్చునట్లు చేయుట. పాస్‌వర్డు మార్చిన పిమ్మట అవతలి కంప్యూటరు పాతదానినే పట్టుకొని వేలాడుచుండినచో, దాని ‘క్రెడెన్షియల్ మేనేజర్’ నందు దాచబడిన పాత నమోదును తుడిచివేయవలెను.

లోనికి వచ్చిన పిమ్మటను ‘అనుమతి లేదు’ అని వచ్చుట కలదు. ఫోల్డరునకు రెండు తాళములు: షేరింగు అనుమతి యొకటి, డిస్కుపై ఆ ఫోల్డరునకు గల స్వంత యనుమతి రెండవది. రెండింటిలో కఠినమైనదే చెల్లును. షేరింగునందు వ్రాయుటకు అనుమతి యిచ్చి, డిస్కుపై చదువుటకే యుంచినచో ఫైలు తెరచుకొనును కాని దిద్దుబాటు నిలువదు. ఇంటిలో అందఱును మనవారే యని ‘ఎవ్రివన్’ అనువారికి సర్వాధికారములు ధారపోయుట సులభమే. కాని చద్దరు నమూనా యనునది నేతగాని మేధాసంపద, నెలల కృషిఫలము. పిల్లల ల్యాప్‌టాపులో దిగిన యొక చెడు ప్రోగ్రాము ఆ తెరచిన ఫోల్డరులోని నమూనాలన్నిటిని ఒక్క రాత్రిలో నాశనము చేయగలదు. లెక్కల ఫోల్డరునకు తండ్రియు కుమారుడును, నమూనాలకు కుమారుడు మాత్రమే, పిల్లలకు వేఱొక ఫోల్డరు. ఇట్లు విడదీయుట అవిశ్వాసము కాదు. 2024లో వచ్చిన విండోస్ 11 యొక్క 24హెచ్2 అను కూర్పునందు, ప్రో మొదలగు ప్రతులలో, పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశము మూసివేయబడినది, సందేశములపై సంతకము తప్పనిసరి యైనది. రూటరు వెనుక గ్రుచ్చిన డిస్కును గాని పాత నిల్వపెట్టెను గాని వాడువారికి అప్పటినుండి తలుపు తెరచుకొనకుండుటకు ఇది హేతువు. ఆ పెట్టెలో ఖాతాను, పాస్‌వర్డును ఏర్పఱచుటయే సరియైన మార్గము.

ప్రింటరు విషయము ఫైళ్లకంటె జటిలము. యూఎస్‌బీతో ఒక కంప్యూటరునకు తగిలించిన ప్రింటరు ఆ కంప్యూటరు మేలుకొనియున్నంతవఱకే పలుకును. కుమారుడు భోజనమునకు లేచినంతనే కంప్యూటరు నిద్రించినచో క్రింద బిల్లు ఆగిపోవును. నిద్రావస్థను ఆపివేయుట అందుకు తొలి చికిత్స. అచ్చు పనులు వరుసగా నిలిచి కదలకున్నయెడల ‘ప్రింట్ స్పూలర్’ అను సేవను ఆపి, దాని ఫోల్డరులోని నిలువ పనులను తుడిచి, మరల నడిపింపవలెను. ఒక చెడిన పని తన వెనుకనున్న పనులన్నిటికి అడ్డు పడియుండును. అచ్చు ఎచటికో పోవుచున్నదని తోచినచో, చివర వాడిన ప్రింటరునే ముఖ్యప్రింటరుగా విండోస్ తనకు తాను మార్చుకొను సెట్టింగును ఆపవలెను.

2021 జూన్ చివర ‘ప్రింట్‌నైట్‌మేర్’ అను పేర స్పూలరునందలి ఘోరలోపము బయటపడినది. దానిని మూయుటకు వచ్చిన దిద్దుబాట్లలో ఆగస్టుది డ్రైవరు దింపుకొనుటకు అధికారి అనుమతిని తప్పనిసరి చేసినది. స్పూలరునందలి వేఱొక లోపమును మూయుటకు వచ్చిన సెప్టెంబరు దిద్దుబాటు కంప్యూటర్ల నడుమ అచ్చు సంభాషణకు రహస్యలిపిని తప్పనిసరి చేసినది. ఒక కంప్యూటరు దిద్దుబాటు పొంది రెండవది పొందకున్నచో 11బి తో ముగియు దోషసూచన వచ్చి ఉమ్మడి ప్రింటరు నిలిచిపోయినది. రిజిస్ట్రీలో నొక విలువను సున్నా చేసిన పని జరుగునను చిట్కా అప్పుడు ఎల్లెడల ప్రాకినది. జరుగుట నిజమే, కాని దానిచే మూసిన లోపము మరల తెరచుకొనును. ఉభయ కంప్యూటర్లకును దిద్దుబాట్లు పూర్తిగా వేసి, డ్రైవరును ప్రతి కంప్యూటరునందును విడిగా స్థాపించుటయే తగిన పని. వీలున్నవారు ప్రింటరును ఏ కంప్యూటరునకును దాసిని చేయక, కేబులుతో గాని వైఫైతో గాని నేరుగా రూటరునకే తగిలించుట సర్వవిధముల మేలు. అప్పుడు అచ్చుపని 9100వ ద్వారమునుండియో 631వ ద్వారమునుండియో సూటిగా ప్రింటరును చేరును. అయితే కరెంటు పోయి వచ్చినప్పుడు రూటరు ప్రింటరునకు వేఱొక చిరునామా నిచ్చుట కలదు. కంప్యూటరు పాత చిరునామాకే ఉత్తరములు పంపుచు ప్రింటరు ‘ఆఫ్‌లైను’ అని చెప్పును. రూటరు సెట్టింగులలో ఆ ప్రింటరునకు ఒక చిరునామాను శాశ్వతముగా కేటాయించినయెడల ఈ బాధ తీరును.

షేరింగు దోషమని భ్రమ గొలుపు వేఱొక సంగతి ఈ రెండు భాషల యింట ప్రత్యేకముగా పొడసూపును. మేడమీద పాత పద్ధతి మరాఠీ ఫాంటుతో కూర్చిన చీటిగాని, తెలుగు ఫాంటుతో కూర్చిన పెండ్లిపత్రిక గాని క్రింద తెరచినప్పుడు అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. ఫైలు చెడలేదు, దారియు చెడలేదు. ఆ ఫాంటు క్రింది కంప్యూటరునందు లేదు, అంతే. ఫాంటును అచటను స్థాపించుటయో, పీడీఎఫ్‌గా మార్చి పంపుటయో, క్రొత్తవానిని యూనికోడులోనే కూర్చుటయో చేయవలెను.

ఒక్కొక్క మార్పు చేసిన వెంటనే పరీక్షించి, ఫలము లేకున్న దానిని యథాస్థితికి తెచ్చి, తరువాతిదానికి పోవలెను. పని చక్కబడిన పిమ్మట రూటరు, ప్రింటరు, లెక్కల కంప్యూటరు వీని పేర్లును చిరునామాలును, ఏ ఖాతాతో ఏ ఫోల్డరు తెరచుచున్నదియు, ఏ తేదీన దేనిని మార్చినదియు ఒక కాగితముపై వ్రాసి, పడుగు ఎక్కించిన నాటి పోగుల లెక్క వ్రాసికొను పుస్తకమునందే అంటించుకొనుట మంచిది. ఇంటిలో కుమారుడు లేని పూటను తండ్రి దానిని చూచి తానే సరిచేసికొనగలడు. పాస్‌వర్డు మాత్రము ఆ కాగితముపై వ్రాయరాదు.